సైకిలు కొన్నాం సరే, గాలి ఎవరు కొడతారు?

సింగపూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో సైకిలు గురించి రెండే రెండు అభిప్రాయాలు వినబడతాయి. ఒకటి, అది పిల్లల ఆటవస్తువు. పదో పుట్టినరోజుకి కొనిపెడితే పన్నెండో ఏటికి వాళ్ళే మరిచిపోతారు. రెండోది, అది కార్బను ఫ్రేములతో, ఒంటికి అతుక్కునే దుస్తులతో, వేల డాలర్లు పోసి చేసే షోకు. ఈ రెంటికీ మధ్య ఇంకో సైకిలుంది. మన నాన్నలు ఆఫీసుకు తొక్కిన సైకిలు, క్యారియరు మీద బియ్యం బస్తా, ముందు కడ్డీ మీద మనం కూర్చున్న సైకిలు. అది మనకు గుర్తులేక కాదు. గుర్తుండటమే ఇబ్బంది. స్కూటరు కొన్న రోజున సైకిలు మూలకు చేర్చి, కారు కొన్న రోజున స్కూటరు అమ్మేసి పైకి వచ్చినవాళ్ళం మనం. ఇప్పుడు మళ్ళీ సైకిలెక్కితే నాలుగు మెట్లు కిందికి దిగినట్టు ఉంటుంది మనసుకి.

ఆ మొహమాటం వదిలించుకోవాలని ఈ వ్యాసం ఉద్దేశం. నలభై దాటిన మనవాళ్ళకి, అందులోనూ టాంపినీస్ చుట్టుపక్కల కాపురముండేవారికి, సైకిలును మించిన వ్యాపకం లేదని నా అభిప్రాయం. దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. అయితే దాని ఆలనాపాలనా మన చేత్తో మనమే చూసుకోవాలి. ఈ రెండో మాట దగ్గరే మనవాళ్ళు వెనకాడుతున్నారు. అనుమానముంటే మీ బ్లాకు కింద సైకిలు స్టాండు దగ్గరికి వెళ్ళి చూడండి. సగం సైకిళ్ళకి గాలి లేదు, చెయిన్లు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి, సీట్ల మీద బూజు. కొన్నిటికి టౌన్ కౌన్సిల్ వారు తొలగింపు నోటీసు కూడా కట్టి ఉంటారు.

టాంపినీస్‌లో ఉండి సైకిలు తొక్కకపోవడం గోదావరి గట్టున పుట్టి ఈత నేర్చుకోకపోవడం లాంటిది. ఈ ఊరికి సైకిలు విషయంలో ఒక చరిత్ర ఉంది. కాలిబాట మీద సైకిలు తొక్కడం సింగపూరులో ఒకప్పుడు నిషేధం. ఆచరణలో మాత్రం మార్కెట్టుకి వెళ్ళే అవ్వలూ, ఎమ్మార్టీ స్టేషనుకు వెళ్ళే ఉద్యోగులూ రోడ్డు మీది లారీలకు భయపడి కాలిబాట మీదే తొక్కేవారు. దీన్ని ఎలా సర్దుబాటు చేయాలా అని 2007లో ఇక్కడే ప్రయోగం మొదలుపెట్టారు. అది సవ్యంగా సాగడంతో 2010 మార్చి 1 నుంచి పాదచారులూ సైకిళ్ళూ ఒకే బాటను పంచుకోవడానికి చట్టబద్ధంగా అనుమతి ఇచ్చారు. అలా దేశంలో మొట్టమొదటి సైకిలు పట్టణం అయింది టాంపినీస్. మిగతా దీవికి ఆ సౌకర్యం 2018లో యాక్టివ్ మొబిలిటీ చట్టం అమలులోకి వచ్చాకగాని రాలేదు. అదే 2010లో యూత్ ఒలింపిక్స్ బీఎంఎక్స్ పోటీలు కూడా టాంపినీస్ బైక్ పార్కులోనే జరిగాయి. (ఆ పార్కు 2014లో మూసేశారు. కొత్త హెచ్‌డీబీ ఇళ్ళ కోసం. సింగపూరులో ఏ మైదానమైనా ఇళ్ళు వచ్చేదాకానే మైదానం.)

ఇక దారులంటారా, కొదవలేదు. తూర్పు తీరపు పార్కు కనెక్టరు వలయం 42 కిలోమీటర్లు. బెడోక్ రిజర్వాయరు, ఈస్ట్ కోస్ట్ పార్కు, చాంగి బీచి, పాసిర్ రిస్ అన్నీ ఆ వలయంలోనే వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ 42 జోలికి పోవద్దు. బెడోక్ రిజర్వాయరు చుట్టూ 4.3 కిలోమీటర్ల బాట ఉంది, ఒక చుట్టు చాలు. కాస్త అలవాటయ్యాక పాసిర్ రిస్, అక్కడినుంచి చాంగి విలేజి. చాంగి విలేజిలో రాములవారి గుడి ఉందని మనవాళ్ళందరికీ తెలుసు. శ్రీరామనవమికి కార్లు పెట్టడానికి చోటు దొరక్క సతమతమయ్యేదీ తెలుసు. టాంపినీస్ నుంచి అక్కడికి తాపీగా తొక్కితే గంట పట్టదు. పానకం తాగే అర్హత కూడా సంపాదించుకుని మరీ చేరతాం. ఇక్కడ ఉదయం ఏడింటికిగాని తెల్లవారదు కనుక, ఆదివారం ఏడింటికి బయలుదేరి తొమ్మిదిన్నర లోపల ఇల్లు చేరుకుంటే ఎండ బాధ ఉండదు.

ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పను. మన సభ్యుల్లో వైద్యులే చాలామంది ఉన్నారు, వారు చెప్పగా చెప్పగా మనం వినడం మానేశాం. 2016లో ఈ ప్రభుత్వం మధుమేహం మీద యుద్ధమే ప్రకటించింది. ఇక్కడి చీనీయులకంటే భారతీయుల్లో ఆ జబ్బు ఎక్కువని లెక్కలు చెబుతూనే ఉన్నాయి. మోకాళ్ళు నొప్పెట్టి పరుగు మానేసినవారికి సైకిలు అనువైనది. ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాలు మోయదు. అయితే సీటు ఎత్తు సరిగా ఉండాలి. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. ఆ లెక్కన పెట్టుకుంటే, మునివేళ్ళ దగ్గరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మనవాళ్ళు చాలామంది పడిపోతామన్న భయంతో సీటు బాగా దించేసి, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు తొక్కి, మర్నాడు మోకాలి చిప్ప నొప్పి అంటారు. ఆ నొప్పికి మందు ఫార్మసీలో లేదు, సీటు కింది బోల్టులో ఉంది.

డబ్బు సంగతి. రోజూ తొక్కుకునే కొత్త సైకిలు డెకాథ్లాన్ లాంటి దుకాణాల్లో రెండు మూడు వందల డాలర్లకు దొరుకుతుంది. కారొసెల్‌లో వాడిన సైకిళ్ళు అందులో సగానికే ఇస్తారు. ఇల్లు మారేవాళ్ళూ, దేశం విడిచి వెళ్ళేవాళ్ళూ అమ్మేవి మంచివి దొరుకుతాయి. వాడినది కొనేటప్పుడు తుప్పు పట్టిన చెయిను చూసి భయపడకండి, చెయిను మార్చుకోవచ్చు. ఫ్రేము అతుకుల దగ్గర సన్నని బీట కనిపిస్తే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. చక్రం పైకెత్తి తిప్పి చూడండి, అది బ్రేకు కట్టల మధ్య అటూ ఇటూ ఊగకుండా తిరగాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిలు దగ్గర టకటకమనకూడదు. ఇరవై ఏడు గేర్లూ, ముందూ వెనకా స్ప్రింగులూ మనకెందుకు? ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన బుకిట్ తిమా గుట్ట 163 మీటర్లు. మన మంగళగిరి కొండ ముందు దాన్ని కొండ అనడానికి నోరు రాదు. ఏడు గేర్లుంటే చాలు. స్ప్రింగులు బరువు పెంచుతాయి, చౌకరకం అయితే త్వరగా పాడవుతాయి కూడా.

మడత సైకిలు కొనేవారు దుకాణానికి టేపు పట్టుకెళ్ళండి. మడిచాక 120 సెంటీమీటర్ల పొడవు, 70 ఎత్తు, 40 వెడల్పు దాటితే ఎమ్మార్టీలోకి, బస్సులోకి రానివ్వరు. ఆ కొలతలకు లోబడి ఉంటే ఏ వేళలోనైనా తీసుకెళ్ళవచ్చు. తొక్కుకుంటూ వెళ్ళి, అలిసిపోతే రైల్లో వెనక్కి వచ్చే సౌకర్యం మన వయసువారికి చిన్నది కాదు.

పొదుపు చేయకూడనివీ ఉన్నాయి. హెల్మెట్ మంచిది కొనండి. రోడ్డు మీద తొక్కేవారికి 2019 నుంచి అది తప్పనిసరి. కాలిబాట మీద చట్టం అడగదు, కాని తల తలే కదా. చీకట్లో ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఉండి తీరాలి. తాళం దళసరిది కొనండి. సింగపూరులో దొంగలు లేరన్న నమ్మకం బ్లాకు కింద స్టాండు దగ్గర చెల్లదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఊళ్ళలో ప్రతి సెంటరులోనూ ఒక సైకిలు షాపు ఉండేది. గంటకింత అని అద్దె సైకిళ్ళు, గోడకు వేలాడే పాత టైర్లు, ఒక మూల నీళ్ళ తొట్టి. ఆ షాపతను నిక్కరేసుకుని గొంతుక్కూర్చుని, చక్రం తిప్పి, చెవితో విని, ఏ స్పోకు వదులైందో చెప్పేవాడు. మనం అక్కడ నిలబడి గంటలు గంటలు చూశాం. తర్వాత మెకానికల్ ఇంజనీరింగులూ, మెడిసినూ చదివాం. వంతెనల డిజైన్లు వేసేవాళ్ళున్నారు మనలో, గుండె తెరిచి కుట్టేవాళ్ళున్నారు. కాని పంక్చరైతే మాత్రం సైకిలును స్టాండుకు ఆనించి మూడేళ్ళు వదిలేస్తున్నాం. చేతికి మురికి అంటుతుందన్న సంకోచమో, ఆ పని మనది కాదన్న భావమో తెలియదు. రెండోదే అయితే అది పిల్లలకు నేర్పించదగిన పాఠం కాదు.

పంక్చరు వేయడం ఏమంత విద్య కాదు. చక్రం తీసి, ప్లాస్టిక్ లీవర్లు రెండు టైరు అంచు కింద దూర్చి ఒక పక్క బయటికి లాగాలి. స్క్రూడ్రైవరు వాడితే ట్యూబుకు ఇంకో చిల్లు పడుతుంది. ట్యూబు తీసి గాలి కొట్టి నీళ్ళ బకెట్లో ముంచితే బుడగలు వస్తాయి. ఆ చోట తుడిచి ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పల్చగా రాసి, అది తడి పోయి జిగురు పట్టేదాకా ఆగాలి. మనవాళ్ళు ఆగలేనిది అక్కడే. తడిమీద అతికిస్తే మర్నాటికి ఊడుతుంది. అతుకు వేసి గట్టిగా నొక్కాక ట్యూబును తిరిగి పెట్టేముందు టైరు లోపలి వైపంతా వేలితో జాగ్రత్తగా తడమండి. మొదటి చిల్లు చేసిన గాజుముక్కో, ఇనప తీగో ఇంకా అక్కడే గుచ్చుకుని ఉంటుంది. అది తీయకుండా ఎన్ని అతుకులు వేసినా ఉపయోగం లేదు. అంత ఓపిక లేనివారు కొత్త ట్యూబే వేసుకోవచ్చు, పది డాలర్లకు లోపే. వాల్వులో లావుదీ సన్నదీ అని రెండు రకాలున్నాయి, పాత ట్యూబు చేతపట్టుకుని వెళితే పేచీ ఉండదు.

అసలు పంక్చర్లు చాలామటుకు గాలి తక్కువగా ఉండటం వల్లే వస్తాయి. ట్యూబు రబ్బరులోంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది, తొక్కినా తొక్కకపోయినా. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. మీటరున్న నిలువు పంపు ఒకటి కొని వారానికోసారి చూసుకుంటే చాలు. మనం కొనే సామాన్లలో దీన్ని మించి అక్కరకొచ్చేది లేదు.

తర్వాతది చెయిను. ఈస్ట్ కోస్ట్ ఉప్పుగాలికీ, డిసెంబరు వానలకీ చెయిను రెండు వారాల్లో గీరమంటుంది. పాత బనీను గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒక్కో లంకె మీద ఒక్కో చుక్క చెయిను నూనె వేసి, పెడలు వెనక్కి తిప్పి, ఒక అయిదు నిమిషాలాగి, పైన మిగిలిన నూనె మళ్ళీ తుడిచేయాలి. నూనె లోపలి గుళ్ళకు కావాలి, బయటికి కాదు. బయట మిగిలితే దుమ్ము పట్టి గంధంలా అరగదీస్తుంది. వంటింట్లో కొబ్బరి నూనె వేసేవారున్నారు, దయచేసి వద్దు. తుప్పు వదిలించే స్ప్రేని నూనెగా వాడటమూ అంతే, ఉన్న నూనె కూడా కడుక్కుపోతుంది. ఇంజనీరు మిత్రులకోసం ఒక కొలత. కొత్త చెయినులో 24 లంకెల పొడవు పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు సాగిందంటే చెయిను మార్చేయండి. ఇరవై డాలర్ల చెయిను మార్చకపోతే పళ్ళచక్రాలు అరిగి అవన్నీ మార్చాల్సి వస్తుంది.

బ్రేకు లీవరు నొక్కితే హ్యాండిలుకు తగలకూడదు. తగులుతుంటే లీవరు దగ్గర తీగ బిగించే చిన్న మర ఉంటుంది, దాన్ని బయటివైపు తిప్పితే సరి. బ్రేకు కట్టల మీద గాళ్ళు అరిగిపోయి నున్నబడితే జతగా మార్చాలి. చక్రం వంకర తీయడం, నూనె పైపుల బ్రేకులు, పెడళ్ళ మధ్య ఇరుసు బేరింగులు మాత్రం షాపువారికే వదిలేయండి. అన్నీ మనమే చేస్తామంటే ఇంట్లో విడిభాగాలు మిగులుతాయి.

సైకిలు వసారాలో పెట్టుకుంటే బాగా మన్నుతుంది, కాని హెచ్‌డీబీ వసారాలో 1.2 మీటర్ల దారి వదలాలని అగ్నిమాపక శాఖ నిబంధన. స్ట్రెచరు పట్టాలి కదా. మన మొక్కలూ, చెప్పుల స్టాండూ ఇప్పటికే అందులో ఎంత తినేశాయో చూసుకుని పెట్టండి.

బాగుచేసుకుని బయటికి తీశాక ఎలా తొక్కుతామన్నది ఇంకా ముఖ్యం. కాలిబాట మీద గంటకు 10 కిలోమీటర్లు, సైకిలు బాట మీద 25 మించరాదు. 2025 జులై 1 నుంచి, పక్కనే సైకిలు బాట ఉన్నచోట కాలిబాట పూర్తిగా పాదచారులదే. ఈ నిబంధన వచ్చినప్పుడు మనలో కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం సబబే అనిపించింది. సాయంత్రం ఆ బాటల మీద నడిచేదెవరు? ఊరినుంచి మనవల్ని చూడటానికి వచ్చిన మన అమ్మానాన్నలే. వినికిడి తగ్గినవారు, వెనకనుంచి గంట వినగానే కంగారుపడి ఏ పక్కకు జరగాలో తెలియక అడ్డంగా వచ్చేవారు. డెబ్బై దాటిన మనిషి కిందపడితే విరిగే తుంటి ఎముక ఒక్కోసారి మళ్ళీ నడవనివ్వదు. ఆ సంగతి మన వైద్యులనడగండి. గంట దూరంనుంచే ఒకసారి కొట్టి, వేగం తగ్గించి, వారు పక్కకు జరిగే వరకు ఆగడం, అవసరమైతే దిగి నడిపించుకుపోవడం మన పిల్లలకు సైకిలుతోపాటే నేర్పాలి.

ఇంకో మాట, ముఖ్యంగా మన ఇల్లాళ్ళ గురించి. ఎం.టెక్.లూ, ఎం.డి.లూ చేసి, కారు నడిపి, ఆఫీసుల్ని నడిపే మన ఆడవాళ్ళలో ఎంతోమందికి సైకిలు రాదు. చిన్నప్పుడు అన్నదమ్ములకు నేర్పారు, వీళ్ళకు నేర్పలేదు, అంతే కారణం. ఇప్పుడు ఈ వయసులో ఏం నేర్చుకుంటాం అంటారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి స్త్రీలు వేలసంఖ్యలో సైకిలు నేర్చుకున్నారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవారు, వ్యవసాయ కూలీలు, చీరలతోనే. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అందుకు ఊతమిచ్చారు. నీళ్ళకూ, సంతకూ, ఆసుపత్రికీ ఎవరినీ అడగకుండా వెళ్ళగలగడం అన్నది వాళ్ళకు వ్యాపకం కాదు. వాళ్ళకు సాధ్యమైనది టాంపినీస్ చదును బాటల మీద మనవాళ్ళకు ఎందుకు కాదు?

పెద్దవాళ్ళు నేర్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. వెనక ఎవరో సీటు పట్టుకుని పరిగెత్తనక్కర్లేదు. పెడళ్ళు రెండూ విప్పేసి, సీటు రెండు పాదాలూ నేలకు ఆనేంత కిందికి దించి, కాళ్ళతో నేలను నెట్టుకుంటూ పోవాలి. నాలుగైదు రోజుల్లో కాళ్ళెత్తి పదిగజాలు జారిపోవడం వస్తుంది. నిలకడ వచ్చాక పెడళ్ళు తిరిగి బిగించుకుని, సీటు ఇందాకటి లెక్కకు ఎత్తుకోవచ్చు. పెడళ్ళు విప్పడానికి 15 మిల్లీమీటర్ల స్పానరు కావాలి. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది, దాన్ని సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఈ ముక్క తెలియక బలప్రయోగం చేసి మరలు పాడుచేసుకున్న ఇంజనీర్లున్నారు. పేర్లు చెప్పను.

చివరగా మన కార్యవర్గానికి ఒక సూచన. శ్రీకాకుళం, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలనుంచి వచ్చి ఇక్కడ భవన నిర్మాణంలో, నౌకల మరమ్మతులో పనిచేసే తెలుగు సోదరులు ఎందరో ఉన్నారు. మనకు ఆదివారం షికారు అయిన సైకిలు వారికి డార్మిటరీ నుంచి అంగడికి వెళ్ళే వాహనం. మన బ్లాకుల కింద తుప్పుపడుతున్న సైకిళ్ళు, మనమిక తొక్కబోమని తెలిసినవి, ఒక ఆదివారం ఒకచోట చేర్చి బాగుచేసి, కావలసినవారికి ఇద్దాం. పారేసే వస్తువు ఇచ్చినట్టు ఇవ్వకూడదు. గాలి నిండుగా, బ్రేకులు పట్టేట్టు, దీపాలు వెలిగేట్టు చేసి ఇవ్వాలి. వారిలో మనకంటే బాగా స్పానరు పట్టగలిగినవారుంటారు, వారిని గురువులుగా పిలిస్తే మన పిల్లలకూ పని నేర్పుతారు. వాయిడ్ డెక్కు వాడుకోవడానికి టౌన్ కౌన్సిల్ అనుమతి ముందుగా తీసుకోవాలి. పండుగ హడావిడి సద్దుమణిగాక వచ్చే మొదటి ఆదివారం బాగుంటుందని నా ఊహ. రెండు నిలువు పంపులు, స్పానర్ల సెట్టు, పాత బనీన్లు, ఒక నీళ్ళ తొట్టి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. తొట్టి నేను తెస్తాను.